పాముపొడ ఈగకు పేరు పెట్టడం: లిరియోమైజా ప్రాజెక్టు డైరీ

ఆముదం, టమాటా, అలసంద, బీర ఆకుల మీద తెల్లగా మెలికలు తిరిగే చారలను మన రైతులు పాముపొడ అంటారు. ఆకు పైపొరకూ కింది పొరకూ మధ్య ఉన్న పచ్చని భాగాన్ని తింటూ పోయే ఒక చిన్న పురుగు వేసిన దారి అది. ఆ పురుగు పెరిగి 2 మిల్లీమీటర్ల పసుపు-నలుపు ఈగ అవుతుంది. ఈ ఈగలది ఆగ్రోమైజిడే కుటుంబం, లిరియోమైజా ప్రజాతి. 1894లో జోసెఫ్ మిక్ ఈ ప్రజాతికి పేరు పెట్టాడు. ఇందులో మూడు వందలకు పైగా జాతులున్నాయి. చాలావాటికి ఒకే మొక్క కుటుంబం చాలు, వాటితో రైతుకు ఇబ్బంది లేదు. ట్రైఫోలి, సటైవే, హుయిడోబ్రెన్సిస్, బ్రయోనియే మాత్రం కనబడిన ప్రతి కూరగాయనూ పూలమొక్కనూ తొలిచేస్తాయి.

ఏ పంట మీద ఏ జాతి ఉందో మగ ఈగను విప్పి చూసి తేల్చడం ఈ ప్రాజెక్టు పని. ఆకు ఫొటో చూసి "ఇది ట్రైఫోలి" అని రాసేయడం చాలాచోట్ల అలవాటైపోయింది. చార మెలికను బట్టి జాతి తేలదు. అదే ట్రైఫోలి పురుగు అలసంద ఆకులో ఒకలా, ఆముదం ఆకులో ఇంకోలా దారి వేస్తుంది. ఆకు మందం, ఈనెల అమరిక, ఒకే ఆకులో ఎన్ని పురుగులున్నాయి అనేవన్నీ దారి ఆకారాన్ని మార్చేస్తాయి.

ట్రైఫోలి మన దేశపు పురుగు కాదు. 1880లో అమెరికాలో తెల్ల క్లోవర్ మొక్క మీద దొరికిన ఈగకు బర్జెస్ పెట్టిన పేరు ఇది. 1970లలో ఫ్లోరిడా నుంచి చామంతి కొమ్మ ముక్కలతో పాటు ఖండాలు దాటింది. గుడ్డు ఆకు లోపల ఉంటుంది కాబట్టి కొమ్మను తనిఖీ చేసేవారి కంటికి ఆకు మీద చిన్న చుక్క తప్ప ఏమీ కనపడదు. మన దేశంలో దీన్ని 1990ల మొదట్లో గుర్తించారు. ఆ తొలి నివేదికల్లో ఒకటి హైదరాబాద్ ప్రాంతపు ఆముదం మీదే వచ్చింది. అందుకే మా జాబితాలోనూ ఆముదం ముందుంది.

1వ రోజు, సాయంత్రం: ఆకుల సేకరణ

ఐదు పంటలు తీసుకున్నాం: ఆముదం, టమాటా, అలసంద, బీర, ఆవ. ఒక్కో పంట నుంచి 20 ఆకులు. సేకరణ సాయంత్రం పెట్టుకోవడానికి కారణం ఉంది. ఎదిగిన పురుగు తెల్లవారుజామున, పొద్దు పొడిచే వేళకు ఆకును కోసుకుని బయటకొచ్చి రాలిపోతుంది. ఉదయం పదింటికి పొలానికి వెళ్తే చేతికొచ్చేవి చాలావరకు ఖాళీ దారులే. సాయంత్రం కోస్తే మర్నాడు తెల్లవారుజామున రాలాల్సిన పురుగులు మన డబ్బాలో రాలతాయి.

ఆకును వెలుగుకు ఎత్తి పట్టుకుని చూడాలి. దారి సన్నగా మొదలై పోనుపోను వెడల్పవుతుంది. వెడల్పు చివర పసుపు రంగులో చిన్న కదలిక ఉంటే పురుగు బతికే ఉంది. అక్కడ అర్ధచంద్రాకారంలో చిన్న కోత కనబడితే పురుగు వెళ్లిపోయినట్టు, ఆ ఆకు వద్దు. చివర పురుగు ఉండి కదలకుండా గోధుమరంగుకు తిరిగి ఉంటే మాత్రం పారేయకూడదు. దాని పక్కన పరాన్నజీవి కందిరీగ గుడ్డో పిల్లో ఉండే అవకాశం ఎక్కువ. అలాంటి ఆకుల్ని వేరే కవర్లో పెట్టాం.

ఒక ఆకుకు ఒక కవర్. జిప్ ఉన్న ప్లాస్టిక్ కవర్లో కొంచెం గాలి నింపి మూయాలి, లేకపోతే ఆకు నలిగి లోపలి పురుగు చితికిపోతుంది. లేబుల్ పెన్సిల్‌తోనే రాయాలి. పెన్ను సిరా తర్వాత ఆల్కహాల్లో కరిగి తెల్లకాగితం మిగులుతుంది. పంట, ఊరు, తేదీ, మొక్క వయసు, ఆకు కింద వరసదా పై వరసదా అన్నవి తప్పనిసరి. ఆముదం ఆకు పెద్దది కాబట్టి పురుగున్న తమ్మె వరకే కోసి, కోసిన చోట తడి దూది చుట్టాం. కవర్లను బండి డిక్కీలో వేయకూడదు. ఎండకు పది నిమిషాల్లో కవర్ లోపల చెమట పట్టి ఆకు ఉడికినట్టవుతుంది. థర్మోకోల్ పెట్టెలో, ఐసు లేకుండా తెచ్చాం.

2వ రోజు: డబ్బాలు

స్వీట్లు ఇచ్చే అర లీటరు ప్లాస్టిక్ డబ్బాలు సరిపోతాయి. మూతకు 4 సెంటీమీటర్ల రంధ్రం చేసి మల్లు గుడ్డ అతికించాం. దోమతెర జాలీ పనికిరాదు. ఈగ ఆగుతుందేమో గానీ, 1 మిల్లీమీటరు కందిరీగ అందులోంచి నడిచి వెళ్లిపోతుంది. అది పోతే ఆ ఆకులో పరాన్నజీవి ఉందన్న సంగతి కూడా లెక్కలోకి రాదు.

డబ్బా అడుగున రెండు మడతల టిష్యూ కాగితం, దాని పైన ఒక సెంటీమీటరు ఎత్తులో ఉల్లిపాయల సంచి వల ముక్క, వల మీద ఆకు. బయటికొచ్చిన పురుగు వల కన్నంలోంచి కిందికి పడి టిష్యూ మడతల్లోకి దూరుతుంది. ఆకు నేరుగా టిష్యూ మీద ఉంటే కుళ్లిన ఆకుకు ప్యూపాలు, అంటే ఈగగా మారే దశలో కదలకుండా ఉండే పురుగులు, అంటుకుపోతాయి. ఆకు తొడిమకు మాత్రమే తడి దూది, డబ్బా అడుగు పొడిగానే ఉండాలి. గోడకు నీటిబొట్లు కనబడితే మూత అరగంట తీసిపెట్టి, గుడ్డ కప్పి ఆరనివ్వాలి. ఒక్క నీటిబొట్టులో పడితే చాలు, పురుగు మునిగి చస్తుంది. గది వేడి 25 నుంచి 28 డిగ్రీలు. కిటికీ పక్కన కాకుండా గోడ అలమారలో పెట్టాం.

3వ రోజు, ఉదయం 6 గంటలు: తొలి ప్యూపాలు

అలసంద, టమాటా డబ్బాల అడుగున లేత పసుపు గింజల్లాంటివి కనబడ్డాయి. పురుగు తన చివరి చర్మాన్నే గట్టిపరచుకుని పెట్టెలా మార్చుకుంటుంది. దాన్ని ప్యూపేరియం అంటారు. 2 మిల్లీమీటర్ల పొడవు, కొంచెం చదునుగా, అడ్డంగా గీతలతో ఉంటుంది. మొదటి గంటల్లో పసుపుగా ఉండి సాయంత్రానికి బంగారు గోధుమరంగుకు తిరిగింది. రంగు తిరిగేదాకా ముట్టుకోకూడదు, మెత్తగా ఉన్నప్పుడు కుంచె తగిలినా సొట్ట పడుతుంది. సున్నా నంబరు కుంచెను తడిపి, ఒక్కోదాన్ని ఎత్తి, కొద్దిగా తేమ ఉన్న వడపోత కాగితం పరిచిన చిన్న సీసాలో వేశాం. సీసాకు ఆకు నంబరే. ఇక్కడ నంబరు తప్పితే తర్వాత మైక్రోస్కోపు కింద ఎంత చూసినా ఈగ ఏ పంటదో చెప్పలేం.

ఆవ డబ్బాలో అడుగున ఏమీ లేదు. పురుగులు ఆకులోనే ఉండి దారి చివర ఉబ్బెత్తుగా గోధుమరంగు మచ్చ అయ్యాయి. ఈ సంగతి 6వ రోజు కింద రాశాం.

ప్రతి పంట నుంచి మూడు పురుగుల్ని స్లయిడ్ కోసం పక్కన పెట్టాం. బతికున్న పురుగును నేరుగా ఆల్కహాల్లో వేస్తే నల్లబడి ముడుచుకుపోతుంది. ముందు మరిగి దింపిన నీళ్లలో అర నిమిషం వేసి, తర్వాత 80 శాతం ఆల్కహాల్లోకి మార్చాలి. చూడాల్సింది పురుగు వెనక చివర ఉన్న రెండు శ్వాసరంధ్రాల్ని. ట్రైఫోలి, సటైవే పురుగుల్లో ఒక్కో రంధ్రం మూడు కొమ్ముల్లా చీలి, కొమ్ముకో బొడిపె ఉంటుంది. హుయిడోబ్రెన్సిస్‌లో అవి 6 నుంచి 9, బ్రయోనియేలో 7 నుంచి 12, విల్లులా వరసగా ఉంటాయి. అంటే పురుగును చూసి మొదటి రెండింటినీ తర్వాతి రెండింటి నుంచి వేరు చేయొచ్చు. ట్రైఫోలిని సటైవే నుంచి వేరు చేయడం మాత్రం పురుగు దశలో కుదరదు. మా అలసంద, టమాటా, ఆముదం, బీర పురుగులన్నిటికీ మూడేసి బొడిపెలే.

4వ రోజు: ఆకు మీద చుక్కలు, దగ్గరగా

ప్యూపాల కోసం ఎదురుచూసే రోజుల్లో అలసంద ఆకు ఒకదాన్ని స్టీరియో మైక్రోస్కోపు కింద 20 రెట్లకు పెంచి చూశాం. ఆకు పైభాగం నిండా సూదితో గుచ్చినట్టు తెల్లని చుక్కలు. ఆడ ఈగ తోక చివర గొట్టంతో ఆకును పొడిచి, వెనక్కి తిరిగి ఊరిన రసం తాగుతుంది. మగ ఈగకు పొడిచే సాధనం లేదు, ఆడది పొడిచిన గుంటల దగ్గరే తాగాలి.

చుక్కల్లో రెండు రకాలున్నాయి. విసనకర్రలా విచ్చుకున్న వెడల్పాటివి తిండి కోసం పొడిచినవి. సన్నగా గొట్టంలా లోపలికి దిగినవాటిలో గుడ్డు ఉండొచ్చు. అద్దం కింద నుంచి వెలుగు వేస్తే గుడ్డున్న గుంటలో పైపొర కింద కోలగా, పాలనీళ్ల రంగులో, 0.25 మిల్లీమీటర్ల పొడవున్న మెరుపు కనబడుతుంది. ట్రైఫోలి, సటైవే ఈగలు పొడిచిన గుంటల్లో బతికే గుడ్డు ఉండేవి సుమారు 15 శాతమే. కాబట్టి చుక్కల సంఖ్య చూసి "ఇన్ని పురుగులు రాబోతున్నాయి" అని మందుకు పరిగెత్తనక్కర్లేదు. అయితే లేత నారు ఆకుల మీద చుక్కలే వందల్లో ఉంటే అవే నష్టం, అక్కడ పచ్చదనం తగ్గి ఆకు ఎండుతుంది.

దారి కూడా దగ్గరగా చూడదగ్గది. పురుగుకు తల గుండు ఉండదు, కాళ్లుండవు. ముందు కొసన నల్లని నోటి కొక్కెం ఒకటి అటూ ఇటూ కొడవలిలా ఆడుతూ కణాల్ని గోకుతుంది. పక్కకు పడుకుని తింటుంది, కొంత దూరం పోయాక రెండో పక్కకు తిరుగుతుంది. అందువల్ల దాని మలం దారికి ఒకసారి ఎడమ అంచున, ఒకసారి కుడి అంచున నల్లని గీతగా పడుతుంది. నిమ్మ, బత్తాయి ఆకుల్లో వెండిలా మెరిసే దారికి నడిమధ్య ఒకే గీత ఉంటుంది. అది ఈగ కాదు, ఫిల్లోక్నిస్టిస్ సిట్రెల్లా అనే చిన్న రెక్కల పురుగు పని. టమాటాలో బుడగలా పొంగిన పెద్ద మచ్చలు టూటా అబ్సల్యూటా అనే మరో రెక్కల పురుగువి, అది మన దేశంలో 2014 నుంచి కనబడుతోంది. ఆ మచ్చ విప్పితే లోపల గోధుమరంగు తలా కాళ్లూ ఉన్న గొంగళి ఉంటుంది. టమాటా రైతులు టూటానూ పాముపొడ ఈగనూ "లీఫ్ మైనర్" అనే పిలుస్తున్నారు కాబట్టి మందుల షాపులో గందరగోళం మొదలవుతోంది. విప్పి తల ఉందో లేదో చూడడానికి అర నిమిషం చాలు.

6వ రోజు: ఆవ ఆకు, బూజు

ఆవ ఆకుల అడుగున దారి చివర ప్యూపేరియం ఆకులోనే ఉండిపోయింది. దాని ముందు కొస నుంచి రెండు సన్నని శ్వాసగొట్టాలు ఆకు పొరను చీల్చుకుని బయటికి పొడుచుకొచ్చాయి. ఇది లిరియోమైజా లక్షణం కాదు. శీతాకాలంలో ఆవ, బఠాణీ మీద విరివిగా వచ్చే ఫైటోమైజా హార్టికోలా. పాత పుస్తకాల్లో క్రొమాటోమైయా పేరు కింద ఉంటుంది. ఆవ డబ్బాలను జాబితా నుంచి తీసేశాం గానీ ఈగలు వచ్చేదాకా ఉంచాం, పక్కన పెట్టి పోల్చడానికి పనికొస్తాయి. ఆ ఈగ ఒళ్లంతా బూడిదరంగు, వీపు మీద పసుపు బిళ్ల ఉండదు. లిరియోమైజాకు రెండు రెక్కల నడుమ, వీపు చివర నిమ్మపండు రంగు బిళ్ల ఉంటుంది. చేత్తో పట్టుకునే అద్దంతోనే కనబడుతుంది.

బీర డబ్బాలు నాలుగింటికి బూజు పట్టింది. తప్పు మాదే. పురుగులన్నీ రాలిపోయాక కూడా పాత ఆకును తీయకుండా వదిలేశాం. బీర, సొర, దోస ఆకుల్లో నీరు ఎక్కువ, మూడో రోజుకే కుళ్లు మొదలవుతుంది. బూజు దారాలు చుట్టుకున్న ప్యూపాల్ని తడి కుంచెతో శుభ్రం చేసి కొత్త కాగితం మీదికి మార్చాం. బతుకుతాయా లేదా అన్నది రంగును బట్టి తెలుస్తుంది. బతికినదానిలో కొన్నాళ్లకు ముందు భాగాన ఎర్రటి కళ్ల నీడ కనబడుతుంది. చచ్చినది లోపలికి కుంగి ముదురు గోధుమరంగులో ఉండిపోతుంది. కాగితం మరీ ఆరిపోయినా ఇలాగే కుంగుతుంది. రెండు రోజులకోసారి ఒక్క బొట్టు నీరు, సీసా గోడకు కాదు, కాగితం అంచుకు.

7వ రోజు: చిక్కుడు నారు మీద రెండో తరం

పొలం ఆకుల్లో పురుగుల వయసు మనకు తెలియదు. రోజుల లెక్క సరిగ్గా కావాలంటే గుడ్డు పెట్టిన రోజు తెలియాలి. అందుకని ఫ్రెంచి చిక్కుడు విత్తనాలు కప్పుకు రెండు చొప్పున 12 కప్పుల్లో వేశాం. మొదటి జత ఆకులు పూర్తిగా విచ్చుకోవడానికి 10 నుంచి 12 రోజులు. 30 సెంటీమీటర్ల పంజరం, పక్కలకు మల్లు గుడ్డ, ముందు చెయ్యి దూర్చే గుడ్డ తొడుగు సిద్ధం చేశాం. ఈగలు వచ్చేవేళకు నారు అందాలి. నారు ఆలస్యమైతే ఈగలు తేనె తాగుతూ ముసలివైపోతాయి.

11 నుంచి 14 రోజులు: ఈగలు వచ్చాయి

అన్నీ పొద్దున పూటే. ప్యూపేరియం ముందు మూత విరిగి, లోపలి ఈగ నుదుటి మీద ఒక తిత్తిని ఉబ్బించి నెట్టుకుంటూ బయటికొస్తుంది. మొదటి గంట రెక్కలు ముడతలు, ఒళ్లు తెల్లగా, కదలిక నెమ్మది. ఆ స్థితిలో చంపితే గుర్తింపుకు పనికిరాదు, నలుపు రంగు ఇంకా ఎక్కలేదు. ఒక రోజంతా పలుచని తేనె గీత గీసిన కాగితంతో ఉంచి మర్నాడు తీయాలి. తేనె బొట్టు పెట్టకూడదు, గీతే గీయాలి. బొట్టులో కాళ్లు ఇరుక్కుని చచ్చిపోతాయి.

ఆడా మగా తేడా సులువు. ఆడదాని పొట్ట చివర నల్లగా నిగనిగలాడే గొట్టం ఎప్పుడూ బయటికే ఉంటుంది. మగదానికి గుండ్రని చివర. సగం ఈగల్ని ఆల్కహాల్లో వేసి, సగం పొడిగా త్రికోణపు అట్టముక్క కొసన అంటించాం. రెండూ కావాలి. ఆల్కహాల్లో పసుపు వెలిసిపోతుంది, వీపు మీది బూడిద పొడి తడిలో అసలు కనబడదు. పొడి నమూనా లేకుండా రంగు లక్షణాలు రాసేవారు ఇక్కడే పొరబడతారు.

పై చూపుకు కనబడేవి ఇవి. ట్రైఫోలి వీపు నలుపే, కానీ పొడి చల్లినట్టు బూడిదరంగుగా, మెరుపు లేకుండా ఉంటుంది. సటైవే వీపు పాలిష్ పెట్టినట్టు మెరుస్తుంది. తల వెనక మూల, కంటి పైన పక్కపక్కన రెండు పొడుగాటి వెంట్రుకలుంటాయి. ట్రైఫోలిలో రెండూ పసుపు నేల మీదే మొలుస్తాయి. సటైవేలో బయటి వెంట్రుక నలుపు మీద, లోపలిది సాధారణంగా నలుపూ పసుపూ కలిసే గట్టు మీద ఉంటుంది. హుయిడోబ్రెన్సిస్‌లో రెండూ నలుపులో, తొడల మీద నల్లని చారలు, ఒళ్లు కాస్త పెద్దది. అది చల్లని ప్రాంతాల్లో, ఎత్తైన నేలల్లో ఎక్కువగా వస్తుంది, ఆకు కింది పొరలో ఈనెల వెంట తొలుస్తుంది. బ్రయోనియేకు వీపు మెరుపు, వెంట్రుకలు రెండూ పసుపు మీదే.

ఇంత రాశాక కూడా వీటి మీద ఆధారపడి పేరు ఖాయం చేయలేదు. చల్లటి గదిలో పెరిగిన ఈగ నల్లగా, వేడిలో పెరిగినది పసుపుగా వస్తుంది. ఆడ ఈగ ఒక్కటే దొరికితే మేం ప్రజాతి దగ్గరే ఆగుతాం.

15వ రోజు: మగ ఈగ పొట్ట విప్పడం

మొత్తం ప్రాజెక్టులో ఎక్కువ సమయం తిన్నది ఇదే. చేసిన వరస:

మగ ఈగ పొట్టను రెండు సన్నని సూదులతో విడదీసి, 10 శాతం కాస్టిక్ పొటాష్ ద్రావణంలో వేయాలి. 100 మిల్లీలీటర్లకు 10 గ్రాముల గుళికలు. గుళికల్ని నీళ్లలోకి వేయాలి, గుళికల మీద నీళ్లు పోయకూడదు, కుతకుతమని చిమ్ముతుంది. చేతి తొడుగులు, కళ్లద్దాలు లేకుండా సీసా మూత తీయొద్దు. చిన్న పరీక్షనాళికను వేడినీళ్ల గిన్నెలో నిలబెట్టి 4 నిమిషాలు ఉంచాలి. తొందర లేకపోతే వేడి లేకుండా రాత్రంతా నానబెట్టడమే మేలు. కండ కరిగి, గట్టి భాగాలు మాత్రం గోధుమరంగులో మిగలాలి.

తర్వాత రెండు సార్లు నీళ్లలో, ఒకసారి పలుచని వెనిగర్‌లో కడిగి, గుంట స్లయిడ్‌లో గ్లిజరిన్ బొట్టులో వేయాలి. పొట్ట చివర నుంచి జననాంగాన్ని సూదితో లాగి, దాని చివరి భాగం డిస్టిఫాలస్ పైకి చూసేలా తిప్పాలి. 400 రెట్ల దగ్గర చూడాలి. ట్రైఫోలిలో అక్కడ ఒకే బుడ్డ, దానికి మధ్యలో బిగించి కట్టినట్టు స్పష్టమైన నడుము. సటైవేలోనూ ఒకే బుడ్డ, నడుము మాత్రం ఉందా లేదా అన్నంత తేలిక. హుయిడోబ్రెన్సిస్‌లో రెండు బుడ్డలు, అంచుల దగ్గర మాత్రమే తాకుతాయి. బ్రయోనియేలోనూ రెండు, అంచులు గుండ్రం.

జరిగిన పొరపాట్లు. మొదటి మూడింటిని 10 నిమిషాలు వేడి చేశాం, బుడ్డ గోడ గాజులా అయిపోయి అంచు కనబడలేదు. ఇంకో రెండింటి మీద కవర్ స్లిప్ నేరుగా పెట్టేసరికి నొక్కుకుని నడుము చదునైపోయింది, చూడ్డానికి అచ్చం సటైవే. ఇలాంటి స్లయిడ్ చూసి తప్పు పేరు రాయడం చాలా తేలిక. కవర్ స్లిప్ నాలుగు మూలలా మైనం ముద్దలు పెట్టి ఎత్తులో నిలపాలి. ఒకే కోణంలో చూసి తేల్చకూడదు. పక్క నుంచి చూస్తే ట్రైఫోలి నడుము దాక్కుంటుంది, స్లయిడ్ మీద బొట్టును కొంచెం కదిపి వీపు వైపు నుంచీ చూడాలి. లోపల గాలిబుడగ ఉంటే రెండో బుడ్డలా కనిపిస్తుంది. కాసేపు గ్లిజరిన్‌లో ఉంచితే పోతుంది.

అలసంద, ఆముదం, టమాటా డబ్బాల్లో మంచి స్లయిడ్ దొరికిన ప్రతి మగ ఈగకూ బిగువైన నడుమే. ట్రైఫోలి అని రాశాం. బీర డబ్బాల్లో బూజు తర్వాత మిగిలినవి ఆడ ఈగలే, అందుకని ఆ వరసలో "లిరియోమైజా, జాతి తేలలేదు" అనే ఉంచాం. ఇది గట్టిగా పాటించాల్సిన చోటు. పక్క పంటలో ట్రైఫోలి ఉంది కదా అని దీన్నీ ట్రైఫోలి చేయకూడదు. పశ్చిమ అమెరికా కూరగాయ పొలాల్లో 1970ల చివర సటైవేను తోసి ట్రైఫోలి వచ్చింది. చైనాలో 1993లో హైనాన్‌లో సటైవే కనబడింది, 2005లో గ్వాంగ్‌డాంగ్‌లో ట్రైఫోలి దిగింది. ఒకే పొలంలో ఒకటి పోయి ఇంకొకటి వచ్చిన సంగతి బయటి మనిషికి ఆకు చూస్తే తెలియదు, చార అదే. పేరు మారడం మాత్రం మందు పనిచేయకపోవడానికి కారణం కావచ్చు, ఎందుకంటే ఈ జాతులకు మందుల్ని తట్టుకునే శక్తి ఒకేలా ఉండదు.

19వ రోజు: కందిరీగలు

కదలని గోధుమరంగు పురుగులున్న ఆకుల్ని వేరే పెట్టాం కదా, వాటిలోంచి ఈగలకు బదులు లోహపు పచ్చరంగు కందిరీగలు వచ్చాయి. ఆకును విప్పి చూస్తే దృశ్యం ముచ్చటగా ఉంది. డిగ్లిఫస్ కందిరీగ ఆకు పైనుంచే పురుగును కుట్టి కదలకుండా చేసి, పక్కన గుడ్డు పెడుతుంది. దాని పిల్ల ఆ పురుగును బయటి నుంచి పీల్చి తిని, అదే దారిలో కాస్త వెనక్కి జరిగి ప్యూపా అవుతుంది. అయ్యే ముందు తన మలంతో చుట్టూ చిన్న నల్లని స్తంభాలు నిలబెడుతుంది. ఎండుతున్న ఆకు పొరలు రెండూ మీద పడి నలిపేయకుండా ఆ స్తంభాలు పందిరి గుంజల్లా మోస్తాయి. వెలుగుకు ఎత్తిన ఆకులో ఆ చుక్కల గుండ్రం కనబడితే లోపల కందిరీగ ఉన్నట్టే.

మరో రకం హెమిప్టార్సెనస్ వరికార్నిస్. దాని మగదానికి మీసాలు కొమ్మలుగా చీలి ఉంటాయి. నియోక్రైసోకారిస్ ఫార్మోసా పిల్ల ఈగ పురుగు లోపలే పెరుగుతుంది. ఓపియస్, గ్రొనోటోమా లాంటివి పురుగులో గుడ్డు పెట్టినా బయటపడేది ప్యూపేరియంలోంచే, అదీ ఈగలన్నీ వచ్చేశాక కొన్ని రోజులకు. ఈగలు రావడం ఆగిపోగానే సీసాలు కడిగేస్తే వీటి లెక్క పూర్తిగా పోతుంది. మా సీసాల్ని 30 రోజులూ ఉంచుతున్నాం.

మందు కొట్టిన పొలం డబ్బాల్లో ఇవి దాదాపు లేవు. ఇది కొత్త సంగతి కాదు. పాముపొడ మనకు పెద్ద సమస్య అయిందే విరివిగా చల్లే సింథటిక్ పైరిథ్రాయిడ్ల లాంటి మందుల వల్ల. పురుగు ఆకు లోపల దాక్కుని బతుకుతుంది, ఆకు మీద తిరిగే కందిరీగ చస్తుంది, పది రోజులకు చారలు రెట్టింపవుతాయి. రైతన్న మళ్లీ అదే మందు కొడతాడు. ముందు 20 ఆకులు కోసి వెలుగుకు పట్టి, బతికున్న పసుపు పురుగులెన్ని, చచ్చిన గోధుమరంగువి ఎన్ని అని లెక్క వేయమంటున్నాం. చచ్చినవే ఎక్కువైతే ఆ వారం పిచికారీ ఆపడమే మందు.

తప్పనిసరి అయితే మొదటి మెట్టు 5 శాతం వేప గింజల కషాయం. 5 కిలోల పప్పు దంచి, గుడ్డలో మూటకట్టి 10 లీటర్ల నీళ్లలో రాత్రంతా నానబెట్టి పిండాలి. 100 గ్రాముల సబ్బు పొడి కలిపి 100 లీటర్లకు పెంచి సాయంత్రం చల్లాలి. ఎండలో వేప శక్తి త్వరగా పోతుంది. పాత, నల్లబడిన గింజలతో చేసింది పని చేయదు. మొక్క ఎత్తుకు సరిగ్గా పసుపు జిగురు అట్టలు కడితే ఈగలు ఎప్పుడు పెరుగుతున్నాయో తెలుస్తుంది. అయితే పసుపు అట్టలకు కందిరీగలూ అంటుకుంటాయి, నారుమడి దశ దాటాక తగ్గించాలి.

26వ రోజు: నారు పంజరం లెక్క

20 జతల ఈగల్ని 12 కప్పుల నారు మీద 24 గంటలు వదిలి, పీల్చే గొట్టంతో లాగి తీసేశాం. ఆ రోజును సున్నా అనుకుంటే 27 డిగ్రీల దగ్గర మూడో రోజున వెంట్రుకంత సన్నని దారులు మొదలయ్యాయి. పురుగు ఆకులో మూడు దశలు గడుపుతుంది, ప్రతి దశకూ దారి వెడల్పు ఒక మెట్టు పెరుగుతుంది. ఎనిమిదో రోజుకు చాలా పురుగులు రాలిపోయాయి. ఒక ఆకు మీద పదికి మించి పురుగులున్నచోట తిండి చాలక చిన్న ప్యూపాలు వచ్చాయి, వాటి ఈగలూ చిన్నవే. ఇలాంటి చిన్న ఈగ రెక్క కొలత తీసి జాతి తేల్చే ప్రయత్నం చేయొద్దు. తర్వాతి విడతకు ఈగల్ని 8 జతలకు, సమయాన్ని 4 గంటలకు తగ్గిస్తున్నాం.

చామంతి నారు కొమ్మలు కొనేవారికి ఇదే లెక్క పనికొస్తుంది. అప్పుడే పెట్టిన గుడ్డు చలిని బాగా తట్టుకుంటుంది, పురుగు తట్టుకోలేదు. అందుకని కొమ్మల్ని కోసిన వెంటనే చల్లగదిలో పెట్టకుండా 3, 4 రోజులు మామూలు వేడిలో ఉంచి గుడ్లు పొదిగాక, అప్పుడు 0 డిగ్రీల దగ్గర 1 నుంచి 2 వారాలు ఉంచే పద్ధతి ఉంది. వరస తారుమారైతే గుడ్లు అలాగే మిగిలి తోటకు చేరతాయి.

30వ రోజు: మిగిలిన పని

అలసంద, ఆముదం, టమాటా నుంచి రెండేసి మగ ఈగల్ని 95 శాతం ఆల్కహాల్లో, ఫ్రీజరులో పెట్టాం. జాతిని గుర్తించడానికి వాడే సి.ఓ.ఐ. అనే జన్యు భాగం చదివించడానికి ఒక్క కాలు చాలు, పొట్ట స్లయిడ్ మీద ఉంటుంది, మిగతా ఒళ్లు అలాగే భద్రం. మూడింటికీ ఒకే నంబరు ఉండాలి. డి.ఎన్.ఏ. ఫలితానికీ స్లయిడ్‌కూ తేడా వస్తే తిరిగి చూడాల్సింది అదే ఈగను. బీర ఆకులు మళ్లీ కోస్తున్నాం, ఈసారి 40. రాలిన రోజే పాత ఆకు తీసేయాలని డబ్బా మూత మీదే పెన్సిల్‌తో రాసి అతికించాం.